ఎడమ వెనుక తలుపు

మొన్న మధ్యాహ్నం మా ప్రహరీ గోడ పక్కన ఒక కారు వచ్చి ఆగింది. ఇంజను ఆగిన చప్పుడు, డ్రైవరు తలుపు మూసిన చప్పుడు, ఆ వెంటనే నాలుగు తలుపులకూ ఒక్కసారే తాళం పడిన ‘టక్’ చప్పుడు వరుసగా వినిపించాయి. వరండాలో కూర్చుని పత్రిక చదువుతున్న నేను పత్రికను ఒళ్ళో పెట్టుకుని రెండో ‘టక్’ కోసం చెవి ఒగ్గాను. కాసేపటికి అదీ వచ్చింది. మొదటిదానికన్నా సన్నగా, ఒక్క తలుపు నుంచి మాత్రమే వచ్చే చప్పుడది. తాళం పడిన నాలుగు తలుపుల్లో ఎడమ వెనుక తలుపు తనంతట తానే తెరుచుకుంది. కారు ఎవరిదో నాకు తెలిసిపోయింది. అయినా చప్పుడును సాక్ష్యంగా తీసుకోవడం నా పద్ధతి కాదు కనుక గేటు దాకా వెళ్ళి నంబరు పలక చూశాను. అదే నంబరు.

దిగినవాడు ఆ కారు గల పెద్దావిడ చెల్లెలి కొడుకు. మొదటినుంచీ ఆ కారు నడిపేది అతడే. గుండు చేయించుకున్న తలమీద వెంట్రుకలు అప్పుడప్పుడే మొలుస్తున్నాయి. పిల్లలు లేని ఆమెకు కర్మ చేయవలసినవాడు అతడొక్కడే. అందుచేత అతడు నోరు విప్పకముందే సంగతి అర్థమైంది. కనీసం కబురైనా చేయలేదేమని అడిగాను.

“పెద్దమ్మనే వద్దన్నది సారూ. నేను పోయిన సంగతి ఊరూర చెప్పకు, అందరు వల్లకాటికి పోతే ఇల్లు ఖాళీగ ఉన్నదని దొంగలకు ఎరుకైతది అన్నది.”

అది అక్షరాలా ఆమె మాట. ఆ మాట విన్న తరువాతే ఆమె పోయిందన్న వార్తను నేను నమ్మాను.

ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. తన పేరు కాగితం మీద పడటం ఆమెకు గిట్టేది కాదు. రాష్ట్రం వచ్చిన ఏడాది ఇంటింటి సర్వే జరిగినప్పుడు, తన గడపలోకి వచ్చిన పంతులుగారి పేరు, ఊరు, తండ్రి పేరు ముందుగా తానే అడిగి, పక్కింటివాళ్ళను పిలిచి ఈయన ఈయనేనా అని రూఢి చేసుకున్నాక గాని తన వయసు చెప్పలేదట. చెప్పిన ఆ వయసైనా సరైనదేనా అన్నది నాకు ఈనాటికీ సందేహమే.

ఆమెను నేను మొదటిసారి చూసింది 2015 ఎండాకాలంలో. నల్లగొండలో గణాంకాల కార్యాలయం నుంచి నేను పదవీ విరమణ చేసి అప్పటికి ఏడాది కావస్తోంది. బజారులోకి కార్లు దూరవు గనుక, అటు వెళ్ళేవారు మా వీధిలో నీడ చూసుకుని బండ్లు నిలుపుతారు. ఒక పాత తెల్లకారు మా వేపచెట్టు నీడకు రావడం మొదలుపెట్టింది. సాదా నేత చీర కట్టిన పెద్దావిడ ఒక మూటతో దిగేది. నడిపే యువకుడు తాళం వేసేవాడు. ఇద్దరూ బజారు వైపు తిరగ్గానే, కారు దగ్గర పిట్ట కూడా లేని సమయంలో, వెనుక తలుపు లాకు పిన్ను ‘టక్’మని పైకి లేచేది. తనంతట తాను తెరుచుకునే కారును అనుమానించక తప్పదు. నేను పత్రిక అంచున నంబరు రాసుకున్నాను. రెండోసారి వచ్చినప్పుడు అదే నంబరు అవునో కాదో సరిచూసుకున్నాను.

మూడోసారి ఆమె నేరుగా మా గేటు దగ్గరికే వచ్చి నిలబడింది. చేతిలో మూట, ముక్కుమీదికి జారిన కళ్ళద్దాలు. అద్దాల కాడలు విరిగినచోట ఎర్రనూలు చుట్టి ఉంది.

“మీరు మా బండి నంబరు రాసుకున్నరంట.”

రాసుకున్నానని ఒప్పుకున్నాను.

“మీ ఇంటి నంబరు మేం గూడ రాసుకున్నం.”

ఎందుకని అడిగాను.

“మీరెందుకు రాసుకున్నరో మేం గూడ గందుకే.”

ఆ జవాబులో తప్పుపట్టడానికి నాకేమీ దొరకలేదు. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, మీ ఫోను ఏదీ, చూపించండి అంది. ఎందుకో తెలియకపోయినా జేబులోంచి తీసి ఇచ్చాను. అది మీటలు నొక్కే చిన్న ఫోను. అటూ ఇటూ తిప్పి, వెనుకవైపు వేలితో తడిమి, తిరిగి ఇచ్చింది.

“దీంట్ల బొమ్మలు పడయి గద?”

పడవన్నాను.

“అయితె జర బండిల కూసోండ్రి సారూ. తాళం నిలుస్తలేదు. గింత బజారుకు పోయొస్తం.”

ముక్కూ మొహం తెలియనివారి కారులో నేను కాపలా కూర్చోవడం ఏమిటని ఇంట్లో తరువాత అడిగారు. మర్యాదకు కూర్చున్నానని చెప్పాను. అసలు కారణం అది కాదు. వెనుక సీటు మీద ఇంకొక మూట ఉంది. దాంట్లో ఏముందో తెలుసుకోవాలని కూర్చున్నాను. తెలియలేదు. మూట చుట్టూ సైకిలు ట్యూబు నుంచి కోసిన సన్నని రబ్బరు పట్టీ బిగించి కట్టి ఉంది. ఆ కట్టును విప్పడానికి నా సంస్కారం ఒప్పుకోలేదు.

తరువాత కొన్ని సంవత్సరాలపాటు, వారానికి ఒకటి రెండుసార్లు, నేను ఆ కారుకు తాళమయ్యాను.

మూటలో ఉన్నది చీరలని, అవి రామన్నపేట దగ్గర ఆమె ఊళ్ళో నేసినవని మెల్లగా తెలిసింది. అక్కడ కొన్ని ఇళ్ళల్లో ఇంకా మగ్గం ఆడుతోంది. వాళ్ళు నేసే ఇక్కత్ చీరల్లో నూలును నేయకముందే రంగులో ముంచుతారు. రంగు అంటకూడని చోట రబ్బరు పట్టీతో కట్టు కడతారు. ఆ కట్లే చివరికి చీరమీద చిలుకలో, ఏనుగులో, గళ్ళో అవుతాయి. చిన్నతనం నుంచీ ఆమె చేసిన పని ఆ కట్లు కట్టడం. భర్త పోయాక మగ్గం ఆగింది. ఆమె అమ్మకానికి దిగింది. ఊళ్ళో ఎవరైనా కొత్త బొమ్మతో మొదటి చీర నేస్తే దాన్ని ఆమె చేతికే ఇచ్చేవారు. ఆమె దాన్ని నల్లగొండ దుకాణాల్లోనూ, షాద్‌నగర్‌లో కంపెనీ ఉద్యోగుల ఇళ్ళల్లోనూ చూపించి, నచ్చినవారి నుంచి బేరం పట్టుకొచ్చేది. ఆ బేరాన్ని బట్టి మిగిలిన చీరలు మగ్గమెక్కేవి.

ఆ వ్యాపారంలో దొంగతనం అంటే ఏమిటో ఆమె చెప్పేదాకా నాకు తెలియదు. దొంగ చీర ఎత్తుకుపోనక్కరలేదు. మూట విప్పి, ఫోనుతో ఫొటో తీసుకుని, మళ్ళీ కట్టేస్తే చాలు. ఆ ఫొటో ఏ మిల్లుకో చేరితే, మగ్గం మీద రెండో చీర నేత పూర్తయి తెగకముందే అదే బొమ్మతో అచ్చు గుడ్డ బజారులోకి వస్తుంది.

“చీర పోతె ఒక్క చీరే పోతది సారూ. బొమ్మ పోతె మగ్గమే పోతది.”

నన్ను కాపలా పెట్టడానికి నా వయసూ, ఉద్యోగమూ, ముఖమూ కారణాలు కావని, నా ఫోను మాత్రమే కారణమని నాకు అప్పుడు బోధపడింది. కారణం సరైనదే కనుక నేను నొచ్చుకోలేదు.

ఆమె అనుమానానికి ఎక్కువ తక్కువలు లేవు. హోటల్లో చాయ్ వస్తే గ్లాసును వెలుతురుకు పట్టి చూసి గాని తాగదు. దుకాణదారు నవ్వుతూ మాట్లాడితే కూర్చున్నదల్లా లేచేది. నవ్వేవాడి ముఖం కాదు, చేతులు చూడాలి అనేది. కొత్త జిల్లాలు ఏర్పడి తన ఊరు నల్లగొండ నుంచి విడిపోయినప్పుడు, మమ్మల్ని అటు వేయమని చెప్పిందెవరని ఆ సంగతి నేనే చేసినట్టు నన్ను నిలదీసింది. కారులో ఎప్పుడూ వెనక్కి ఆనుకోదు. కుడివైపు కిటికీ పక్కన నిటారుగా కూర్చుని, ఎడమచేతిని మూటమీద వేసి ఉంచుతుంది. మూటను డిక్కీలో పెట్టవచ్చు కదా అంటే, కంటికి ఆనని చోట సొమ్ము పెట్టేవాళ్ళుంటారా అని నా తెలివిని శంకించింది.

ఒక మర్యాద మాత్రం ఆమెలో గమనించాను. బజారు నుంచి తిరిగి వచ్చాక నేను దిగి, మా గేటు లోపలికి వెళ్ళి గడియ పెట్టుకునేదాకా ఆమె కారెక్కేది కాదు. పెద్దవాణ్ణి సాగనంపడమని అనుకునేవాణ్ణి.

తాళం బాగు చేయించలేదా అని పాఠకులకు అనిపిస్తుంది. చూపించారు. నల్లగొండలో మెకానిక్కు తలుపులో తాళాన్ని కదిలించే చిన్న మోటారు కాలిపోయిందన్నాడు. నకిరేకల్‌లో రెండోవాడు మోటారు బాగానే ఉందనీ, తలుపుకూ బాడీకీ మధ్య రబ్బరు గొట్టంలో వైరు నలిగి తెగిందనీ అన్నాడు. షాద్‌నగర్‌లో మూడోవాడు మోటారూ వైరూ రెండూ మంచివే, స్టీరింగు కింద ఉన్న డబ్బాలో దోషం అన్నాడు. ప్రతివాడూ అంతకు ముందువాడే చెడగొట్టాడని చెప్పాడట. ఇంక ఆమె ఎవరినీ ముట్టనివ్వలేదు.

“ముగ్గురు వైద్యులు మూడు రోగాలు చెప్పిన్రంటె రోగం బండికి గాదు సారూ, వైద్యులకే.”

నాకు తెలిసిన మేరకు నేనూ ఒక మార్గం సూచించాను. సెంటర్ లాక్ ఫ్యూజు తీసేస్తే అది మొత్తానికే పనిచేయదు, నాలుగు తలుపులకూ చేత్తో తాళం వేసుకోవచ్చు, ఏదీ తనంతట తెరుచుకోదు అని వివరించాను. చెల్లెలి కొడుకు సంతోషపడి అప్పుడే తీసేస్తానన్నాడు. ఆమె అతడివంక చూసింది. ఇన్ని రోజులు లేని తొందర నీకు ఇప్పుడెందుకు అంది. తరువాత నావైపు తిరిగింది.

“గిప్పుడు ఏ తలుపు తెరుచుకుంటదో నాకెరుక. ఫ్యూజు తీసినంక ఏది తెరుచుకుంటదో ఎవలకెరుక? కనవడే చెడును ఇడిసిపెట్టి కనవడని చెడును తెచ్చుకుందామా?”

ఆ వాదంలో ఎక్కడో లోపముందని నాకు తెలుసు. అది ఎక్కడుందో పట్టుకునేసరికి కారు వెళ్ళిపోయింది.

ఆ తలుపు తెచ్చిన చిక్కుల్లో ఒకదాన్ని నేను స్వయంగా చూడలేదు. తేదీ కూడా నా దగ్గర లేదు. చెల్లెలి కొడుకు చెప్పినది రాస్తున్నాను, అంతవరకే నమ్మండి. కేతేపల్లి దగ్గర రోడ్డు పక్కన బండి ఆపి, అతడు నీళ్ళ సీసా కొనడానికి తాళం వేసి దిగాడట. ఆమె లోపలే ఉంది. గొంగడి భుజాన వేసుకున్న ఒక గొర్లకాపరి కిరాయి బండ్ల కోసం అక్కడ నిలబడి ఉన్నాడు. సరిగ్గా అతడి ముందు ఎడమ వెనుక తలుపు పిన్ను ‘టక్’మని లేచింది. తనకోసమే తీశారనుకుని అతడు తలుపు తెరిచి, మూటను జరిపి కూర్చున్నాడు. ఆమె అరవలేదట. మూటను ఒళ్ళోకి లాక్కుని, నిన్ను ఎవరు పంపారని మాత్రం అడిగిందట. మా వదిన పంపింది, సూర్యాపేటలో మందులు తెమ్మన్నది అన్నాడతను. నీ వదిన ఎవరు, ఆమెకు చీరల వ్యాపారమేమైనా ఉందా, నీ దగ్గర ఫోనుందా అని సూర్యాపేట దాకా విచారణ సాగింది. దించేటప్పుడు అతడు కిరాయి ఇవ్వబోతే తీసుకోలేదు. అతడు దండం పెట్టి వెళ్ళిపోయాక, మనిషి మంచివాడే, అందుకే అనుమానమని అందట.

ఇంతవరకూ రాసినది నవ్వుకోదగినదే. 2019 వానాకాలంలో జరిగినది అటువంటిది కాదు.

ఆ ఏడాది ఆమె ఊళ్ళో ఒక ఇంటివాళ్ళు నెమళ్ళ వరుసతో కొత్త చీర నేశారు. ఒకచోట కట్టు సడలి రంగు లోపలికి పాకడంతో ఒక నెమలికి తలమీది తురాయి పడలేదు. తరువాతి చీరల్లో ఆ తప్పు దిద్దుకోవచ్చునని మొదటి చీరను ఆమెకు ఇచ్చారు. ఆమె దాన్ని మూటలో పెట్టుకుని కొన్ని వారాలు తిరిగింది. ఒకనాడు నల్లగొండ గడియారం సెంటరు దాటి బజారులోకి వెళ్ళి, ఎప్పటికన్నా త్వరగా తిరిగొచ్చింది. ఒక దుకాణం ముందు ప్లాస్టిక్ బొమ్మకు కట్టిన అచ్చు చీర మీద అవే నెమళ్ళు ఉన్నాయి. అందులో ఒక నెమలికి తురాయి లేదు.

నేను స్వయంగా వెళ్ళి చూసి వచ్చాను. ఆమె చెప్పింది నిజం. ఊళ్ళో ఇంకే చీరలోనూ ఆ తప్పు లేదు గనుక, ఫొటో తీసినది ఆమె మూటలోని ఆ ఒక్క చీరనే. ఇది అనుమానం కాదు, సాక్ష్యం. ఇక మిగిలింది ఎవరన్నది.

చీరను చూసిన దుకాణాలు కొన్ని ఉన్నాయి. ఎక్కడా ఆమె చీరను చేయి విడువలేదు. మూటను ఆనుకుని కూర్చున్నది నేను. నా ఫోనులో బొమ్మలు పడవు. చెల్లెలి కొడుకు ఆ వేసవిలోనే కొత్త ఫోను కొన్నాడు. పోనీ పదిమందిలా అతడు మూటకు దూరంగా ఉండేవాడా అంటే, కారు తాళం అతడి జేబులోనే ఉండేది. లెక్క ఎటు తిప్పినా అతడి దగ్గరే ఆగింది. ఆమెకు మాత్రమే కాదు, నిజం చెప్పాలంటే నాకూ.

ఆమె అతణ్ణి ఒక్క మాటా అనలేదు. పిలుపు మాత్రం మార్చింది. అంతవరకూ ‘బిడ్డా’ అని పిలిచేది. ఆనాటి నుంచి అతడు ముందు సీట్లో కూర్చుని ఉండగానే, “డ్రైవర్ను బండి తియ్యమనుండ్రి సారూ,” అని నాతో అనేది. అతడు అద్దంలోంచి ఆమెను చూసేవాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూసేది. తల్లి పోయిన పిల్లవాణ్ణి తెచ్చి ఆమె పెంచింది. పెళ్ళి చేసింది. అతడి కాపురం ఆమె ఇంట్లోనే. ఒకసారి అతడు చాయ్‌కి వెళ్ళినప్పుడు, ఆమె మూటమీద చేయి వేసి నాతో చెప్పింది.

“ఇంకొక్కపారి నా ముడి కదిలిందా, వాడు నా ఇంట్ల ఉండడు. మగ్గాలోళ్ళకు నేనే చెప్త.”

ఆ రెండో మాట మొదటిదానికన్నా కఠినమైనది. వాళ్ళ ఊళ్ళో బొమ్మ దొంగ అన్న పేరు పడ్డవాడికి మగ్గమున్న ఏ గడపలోనూ మంచినీళ్ళు పుట్టవు.

ఆమె ముడి సంగతి కొంచెం చెప్పాలి. కట్టు కట్టేవాళ్ళకు ఎవరి ముడి వారికి తెలుస్తుందట, మనకు మన చేతిరాత తెలిసినట్టు. పట్టీని కుడినుంచి తిప్పి, చుట్టు కింద దూర్చి, కొసను ఎడమకు లాగి బిగించడం ఆమె పద్ధతి. ఇన్నేళ్ళు దాని పక్కనే కూర్చున్నవాణ్ణి గనుక నాకూ తెలుసు. ఆ కొస ఎప్పుడూ ఎడమకే వాలి ఉండేది.

ఆ ఏడాది డిసెంబరులో ఒక ఉదయం ఆమె మా గోడ పక్కన కారులోనే మూట విప్పి, దుకాణానికి కావలసిన చీరలు వేరుచేసుకుని, మిగిలినవాటిని నా ఎదుటే తిరిగి కట్టింది. నేను కారెక్కాను. ఆమె ఒక్కతే బజారుకు వెళ్ళింది. అప్పటికి అతణ్ణి వెంట తీసుకెళ్ళడం మానేసింది. ‘టక్’మని తలుపు తెరుచుకుంది. అతడు నాకు ముందు కిటికీలోంచి చాయ్ అందించి, నా కళ్ళెదుటే మా అరుగు మీద కూర్చున్నాడు. కారు దగ్గరికి వేరే ఎవరూ రాలేదు. ఆమె వచ్చింది. ఆనాడు నేను దిగి గేటు వేసుకునేదాకా ఆగలేదు. తలుపు తెరిచి, వంగి, ముడిమీద వేళ్ళు పెట్టింది. వేళ్ళు ఆగిపోయాయి.

“గీ ముడి నాది గాదు.”

అతడు అరుగు మీదినుంచి లేచాడు. తలుపు కూడా ముట్టలేదన్నాడు. నిన్ను ఎవరు అడిగారంది. నేను కల్పించుకుని, ఆమె వెళ్ళినప్పటి నుంచి వచ్చేదాకా ఎవరూ మూటను తాకలేదని చెప్పాను.

“మీరు కునుకు తీసిన్రేమో సారూ.”

తీయలేదన్నాను.

“కునుకు తీసినోళ్ళకు తెల్వది గద.”

చీరలు లెక్కపెట్టమన్నాను. లెక్కపెట్టింది. సరిపోయాయి. సరిపోయాయి కదా అన్నాను.

“లెక్క కలిసిందంటె దొంగ తెలివిగలోడన్నట్టు.”

అతడు జేబులోంచి ఫోను తీసి సీటు మీద పెట్టాడు, చూసుకోమని. ఆమె దానివంక కన్నెత్తి చూడలేదు. తుడిచేశాక ఏముంటుందని మాత్రం అంది. అతడి ముఖం అప్పుడు పాలిపోవడం చూశాను. ముఖాలను నేను లెక్కలోకి తీసుకోను. ముడిని చూశాను.

కొస కుడికి వాలి ఉంది. ఆమె చెప్పింది నిజమే, అది ఆమె ముడి కాదు. అయితే అది ఎడమచేతివాటం మనిషి కట్టిన ముడి. అతడు కుడిచేత్తో చాయ్ ఇచ్చాడు, కుడిచేత్తో తాళం తిప్పుతాడు. నాదీ కుడిచేయే. మరి ఎవరిది? ఉదయం ఆమె ఆ మూట కట్టడం నేను చూశాను. ఆ తరువాత ఎవరూ దాన్ని విప్పలేదు. ఈ రెండూ నిజాలైతే మూడోది ఒక్కటే మిగులుతుంది. అప్పుడు నాకు గుర్తుకొచ్చింది. కొంతకాలంగా ఆమె చాయ్ గ్లాసును ఎడమచేత్తో వెలుతురుకు పట్టి చూస్తోంది. గమనించాను గాని, ఒక్క పరిశీలన దేనికీ రుజువు కాదని పక్కన పెట్టాను.

“ఒకసారి మళ్ళీ కట్టండి. పోల్చి చూద్దాం,” అన్నాను.

నన్ను పరీక్షిస్తున్నారా అన్నట్టు చూసింది. అయినా కట్టింది. అతడూ నేనూ ఆమె చేతులను చూశాం. కుడిచేయి మూటమీద బరువుకు పెట్టిన రాయిలా పడి ఉంది. తిప్పడం, దూర్చడం, లాగడం అన్నీ ఎడమచేయే చేసింది. ఆ చేయి ఎప్పుడు ఆ పనిని అందుకుందో ఆమెకు తెలిసినట్టు లేదు. ముడి బిగించి కొసను చూసింది. కుడికి వాలింది. విప్పి మళ్ళీ కట్టింది. మళ్ళీ కుడికే. మూడోసారి కుడిచేత్తో కట్టబోయింది. పట్టీ వేళ్ళలోంచి జారి కారు అడుగున పడింది.

అతడు వంగి పట్టీ తీసి ఆమె ముందు పట్టుకున్నాడు. ఆమె అందుకోలేదు.

“ఎప్పటి సంది చూస్తున్నవు?”

“బతుకమ్మ పండుగ సంది.”

“చెప్పకపోతివి.”

“చెప్తె నమ్ముదువా పెద్దమ్మా?”

ఆమె ఆలోచించింది. ఆ ప్రశ్నకు నిజమైన జవాబు కోసం వెతుకుతున్నట్టే ఆలోచించింది.

“నమ్మకపోయేదాన్ని,” అంది. “రేపటి సంది నువ్వు కట్టు.”

“నా కట్టు నీకు నచ్చది.”

“నచ్చది. కట్టు.”

అతడు అక్కడే, నిలబడే, మూట కట్టాడు. ఆమె వంగి చూసి, కొస ఇంకా లాగమంది. లాగాడు. ఆమె కారెక్కి కుడివైపు కిటికీ పక్కన కూర్చుని, మూటమీద ఎడమచేయి వేసింది. నేను గేటు దగ్గర ఉన్నాను. లోపలినుంచి గొంతు వినిపించింది.

“బండి తియ్యి బిడ్డా.”

దవాఖానలో చూపించమని నేను గట్టిగానే చెప్పాను. రెండుచోట్ల చూపించారట. రెండుచోట్ల రెండు తీర్లు చెప్పారని మూడోచోటికి ఆమె వెళ్ళలేదు. మరుసటి మార్చిలో లాక్‌డౌన్‌తో అన్నీ మూతపడ్డాయి. తెరిచేసరికి ఆమె కుడిపక్క పూర్తిగా పడిపోయింది. తరువాత అతడొక్కడే అప్పుడప్పుడు వచ్చేవాడు. సారు ఫోను మార్చాడేమో అడిగి రమ్మంది పెద్దమ్మ అని చెప్పేవాడు. మార్చలేదని కబురు పంపేవాణ్ణి.

నెమలి ఫొటో తీసినది ఎవరో ఈనాటికీ తేలలేదు. ఆనాటి పరీక్షతో అతడు నిర్దోషి అని తేలిందని రాయలేను. ముడి విషయంలో నిర్దోషి అని తేలింది, అంతే రాయగలను. ఆ దుకాణం ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా లోపలివాళ్ళ చేతుల వంక చూస్తాను. ఆమె కూడా చివరిదాకా మరచిపోయి ఉండదు. మరచిపోకుండానే మూట అతడి చేతికిచ్చింది.

మొన్న అతడికి మంచినీళ్ళిచ్చి, తాళం ఇంకా బాగు చేయించలేదేమని అడిగాను.

“కనవడే చెడు గద సారూ,” అన్నాడు.

వెనుక సీటు మీద మూట ఉంది. కొస ఎడమకు వాలి ఉంది. అతడు కొంచెం మొహమాటపడి, బజారుకు పోయి రావాలి, కాసేపు కూర్చుంటారా అని అడిగాడు. సరేనన్నాను.

“ఫోను గదే గద సారూ?”

అది కాదు. ఆ చిన్నఫోను ఈ ఏడాది చార్జింగు ఎక్కడం మానేసింది. ఇప్పుడు నా జేబులో ఉన్నది మా అమ్మాయి వాడి ఇచ్చినది, బొమ్మలు పడేదే. లోపలికి వెళ్ళి దాన్ని కిటికీలో పెట్టి వచ్చి కూర్చున్నాను. అతడు చూసి, తృప్తిపడి వెళ్ళాడు.

తిరిగి వచ్చాక, నేను ఇంకా దిగకముందే, తలుపు పట్టుకుని నిలబడి చెప్పాడు.

“మీకు తెల్వది సారూ. మీరు లోపలికి పోయి గేటు పెట్టుకున్నంక పెద్దమ్మ ప్రతిపారి ముడి చూసేది.”

నేను మర్యాద అనుకున్నది తనిఖీ. ఇన్నేళ్ళు నాకు తట్టలేదు.

“చూసి ఏమనేది?”

“ఏమనకపోయేది. మల్లొచ్చినప్పుడు గూడ సారునే కూసోబెడదాం అనేది.”

అతడు గేటు దాకా ఆగలేదు. నా ముందునుంచే చేయి చాపి ముడిమీద వేళ్ళు పెట్టాడు. నేను మోకాళ్ళు పక్కకు జరిపి, ఆ చేతికి దారి ఇచ్చాను. వేళ్ళతో కొసను తడిమి, చుట్టును తడిమి, చేయి వెనక్కి తీసుకున్నాడు. తరువాత ముందుకు వెళ్ళి తన సీట్లో కూర్చున్నాడు. నేను దిగి గేటులోకి వచ్చాక అద్దం దించాడు.

“బుధవారం మల్ల వస్త. కూసుంటరా సారూ?”

ఫోను ఇంట్లోనే పెట్టి వస్తానని చెప్పాను.